పాదం, నీరు, పనిముట్టు: పెడిక్యూర్‌లో పరిశుభ్రతపై ఉపన్యాసం

పాదాలను నానబెట్టి, కడిగి, గోళ్లు కత్తిరించి, మడమల మీద పేరుకున్న మొద్దు చర్మాన్ని రాపిడితో తీసి, లేపనంతో మర్దించి, చివరకు గోళ్లకు రంగు వేసే పనులన్నిటినీ కలిపి పెడిక్యూర్ అంటున్నారు. తెలుగునాట ఒకప్పుడు పెళ్లికూతురి ముస్తాబులో భాగంగానో, కలిగినవారి విలాసంగానో మాత్రమే కనబడిన ఈ పని నేడు చిన్న పట్టణాల బ్యూటీ పార్లర్ల ధరల పట్టికలోనూ ఒక మామూలు వరుసగా స్థిరపడింది. అయితే సమాజం దీన్ని అలంకారంగా మాత్రమే లెక్కించడం వల్ల వైద్యశాస్త్రం దీని జోలికి అంతగా రాలేదు, పురపాలక యంత్రాంగం దీన్ని ప్రత్యేకంగా పట్టించుకోలేదు, ఈ పని చేసేవారికి దానిలోని ప్రమాదాలను ఓపికగా చెప్పినవారూ తక్కువే. వాస్తవానికి పరాయి మనిషి చర్మాన్ని నానబెట్టి మెత్తబరచి, దాని మీద పదునైన పనిముట్టును నడిపే ఏ పని అయినా శస్త్రచికిత్సకు దూరపు చుట్టమే అవుతుంది. ఆ పనికి శస్త్రచికిత్సకు కావలసినంత జాగ్రత్త అక్కరలేకపోయినా, అందులో ఒక పాలైనా కావాలన్నదీ, ఆ పాలు ఎంత, ఎక్కడ, ఎవరి పాదం విషయంలో అన్నది తేల్చుకోవలసిన అవసరం ఉందన్నదీ ఈ ఉపన్యాసం ప్రతిపాదించే విషయం.

పాదచర్మం శరీరంలో మరెక్కడి చర్మం వంటిదీ కాదు. అరికాలిలో పైపొర, అంటే మృతకణాలు పొలుసులుగా ఒకదానిపై ఒకటి పేరుకుని ఏర్పడే రక్షణపొర, మిగతా శరీరంలో కంటే చాలా మందంగా ఉంటుంది. అక్కడ స్వేదగ్రంథులు కిక్కిరిసి ఉన్నా చర్మాన్ని జిడ్డుగా ఉంచే తైలగ్రంథులు మాత్రం ఉండవు. అందువల్ల చెమట తగ్గినప్పుడు, వయసు పైబడినప్పుడు, చెప్పులు లేని నడక ఎక్కువైనప్పుడు మడమలు ఎండి పగుళ్లిస్తాయి. ఆ పగుళ్లు లోతైతే రక్తం చిమ్మి, సూక్ష్మజీవులకు దారి తెరుచుకుంటుంది. గోరు మొదట్లో చర్మానికీ గోటికీ మధ్య అతుక్కుని ఉండే సన్నని పొరను పార్లర్ భాషలో క్యూటికల్ అంటారు. అందం కోసం దాన్ని వెనక్కి నెట్టడం, కత్తిరించడం ఆనవాయితీ అయింది గాని, ఆ పొర అక్కడ ఉన్నది గోరు పుట్టే చోటికి నీరూ మురికీ చొరకుండా మూయడానికే. దాన్ని తొలగించిన తరువాత కొద్ది రోజులకు వచ్చే గోరుచుట్టు, అంటే గోటి అంచు వాచి చీము పట్టడం, చాలామంది అనుకున్నట్టు దురదృష్టం కాదు, ఆ కత్తిరింపు ఫలితం. అలాగే గోటి మూలలను లోతుగా గుండ్రంగా కోసినప్పుడు మిగిలిన మొన పెరుగుతూ పక్క మాంసంలోకి దిగబడుతుంది. గోటిని అడ్డంగా, తిన్నగా కత్తిరించి, మూలలను ఆకురాయితో కాస్త నునుపు చేసి వదలాలని వైద్యులు చెప్పడానికి కారణం ఇదే.

పెడిక్యూర్ వల్ల కలిగే హాని గురించి లోకానికి కళ్లు తెరిపించిన ఘటన అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో జరిగింది. సాన్ హోసే నగరానికి దక్షిణాన, శాంటా క్రూజ్ కౌంటీలో స్ట్రాబెర్రీ తోటలకు పేరుపొందిన వాట్సన్‌విల్ అనే ఊరి పరిసరాల్లో 2000 సంవత్సరం సెప్టెంబరులో ఒక వైద్యుడు తన దగ్గరకు వచ్చిన స్త్రీల మోకాళ్ల కింద మానకుండా ఉన్న సెగగడ్డలను గమనించి ఆరోగ్యశాఖకు తెలియజేశారు. మామూలు సెగగడ్డలకు కారణమయ్యే బాక్టీరియా వాటిలో దొరకలేదు. వారందరూ ఒకే నెయిల్ సెలూన్‌కు వెళ్లినవారని తేలింది. ఆరోగ్యాధికారులు ఆరా తీసేకొద్దీ బాధితుల సంఖ్య పెరిగి 110కి చేరింది. ఒక్కొక్కరికి ఒకటి నుంచి 37 వరకు గడ్డలు లేచాయి. వాటి నుంచి తీసిన చీమును ప్రయోగశాలలో పెంచినప్పుడు మైకోబాక్టీరియం ఫార్చ్యుటమ్ అనే జీవి బయటపడింది. క్షయకు కారణమయ్యే క్రిమికి ఇది దాయాది. అయితే క్షయక్రిమి వలె మనిషి నుంచి మనిషికి పాకదు, మట్టిలోనూ నీటిలోనూ, మామూలు కుళాయి నీటిలోనూ, స్వతంత్రంగా బతుకుతుంది.

ఆ సెలూన్‌లో ఉన్న పది పాదస్నానపు తొట్లూ నీటిని గిర్రున సుడి తిప్పే రకానివి. తొట్టి అడుగున ఉండే చిల్లుల మూత వెనక నుంచి నీటిని లోపలికి పీల్చి, పైపుల గుండా తిప్పి, మళ్లీ చిమ్మడం వాటి పని. పరిశోధకులు ఆ మూతలు విప్పి చూసినప్పుడు వాటి వెనక వెంట్రుకలూ చర్మపు పొలుసులూ గుట్టగా పేరుకుని ఉన్నాయి. పది తొట్ల నుంచీ అదే జీవి దొరికింది. మూడు తొట్లలోని జీవి జన్యుముద్ర పద్నాలుగు మంది రోగుల శరీరంలో దొరికిన దానితో తేడా లేకుండా సరిపోయింది. కాలి వెంట్రుకలను రేజరుతో తీసుకుని వెళ్లినవారు రోగుల్లో నూటికి డెబ్బై మంది ఉండగా, అదే సెలూన్‌కు వెళ్లి జబ్బు పడనివారిలో నూటికి ముప్పై ఒక్కరే ఉన్నారు. రేజరు చర్మం మీద కంటికి కనబడనంత సన్నని గీతలు పెడుతుంది; రోమకూపం, అంటే వెంట్రుక మొలిచే గుంట, ఆ గీతతో తెరుచుకుని క్రిమికి ఇల్లవుతుంది. పాదాలకు చేసిన సేవ వల్ల పిక్కల మీద గడ్డలు లేవడానికి కారణం ఇదే: సుడినీరు పిక్కల దాకా తగిలింది, గీతలు పిక్కల మీద ఉన్నాయి. ఈ వ్యాధి ప్రాణం తీయలేదు గాని, నెలల తరబడి కొనసాగింది; మానిన చోట మచ్చలు మిగిలాయి. 2002లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఈ దర్యాప్తు ప్రచురితమైంది.

వాట్సన్‌విల్ సెలూన్ ప్రత్యేకంగా అపరిశుభ్రమైనదేమో, మిగతావి అలా ఉండవేమో అన్న ఊరటను ఆ తరువాతి పరిశీలన తుడిచిపెట్టింది. కాలిఫోర్నియాలోని ఐదు కౌంటీలలో 18 సెలూన్ల నుంచి 30 తొట్లను పరీక్షించగా 29 తొట్లలో మైకోబాక్టీరియా కనబడింది. 2004లో శాంటా క్లారా కౌంటీలో, అంటే తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడిన సిలికాన్ వ్యాలీలోనే, పెడిక్యూర్ తొట్ల నుంచి ఇటువంటి గడ్డలే మళ్లీ బయటపడ్డాయి. తొట్టి ప్రతి ఖాతాదారు తరువాతా తుడిచి తళతళలాడుతున్నా లాభం లేదు. తుడిచిన చోట క్రిమి లేదు. అది ఉన్నది పైపులో.

పైపులో అది ఎలా నిలబడుతుందన్నది తెలియకపోతే మిగతా జాగ్రత్తలకు అర్థం ఉండదు. నీటిలో తేలే సూక్ష్మజీవులు ఏదైనా తడి ఉపరితలాన్ని తాకినప్పుడు దాన్ని అంటిపెట్టుకుని, తమ చుట్టూ జిగురు వంటి పదార్థాన్ని స్రవించి, ఆ జిగురులో గుంపులుగా పెరుగుతాయి. ఈ జిగురు కాపురాన్ని శాస్త్రజ్ఞులు బయోఫిల్మ్ అంటారు. వాడిన నీళ్ల బిందె లోపలి గోడను వేలితో రుద్దితే తగిలే జారుడు పొర దానికి అందరికీ తెలిసిన రూపం. క్రిమిసంహారక ద్రవం ఆ జిగురు పైభాగాన్ని తాకి, అక్కడి జీవులను చంపడంలోనే తన బలమంతా ఖర్చుపెట్టుకుంటుంది, లోపలివి క్షేమంగా ఉంటాయి. మైకోబాక్టీరియాకు తన ఒంటి చుట్టూ మైనపు కవచం కూడా ఉండటం వల్ల కుళాయి నీటిలో కలిపే క్లోరిన్ మోతాదు దాన్ని అంతగా బాధించదు. కనుక రసాయనం పోసే ముందు జిగురును బ్రష్‌తో గీకి తీయడం తప్పనిసరి. బ్రష్ చేరలేని పైపును శుభ్రం చేయడం దాదాపు అసాధ్యం. ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పవలసి ఉంది. తెలుగు పట్టణాల్లోని సాదా పార్లర్లలో వాడే ప్లాస్టిక్ టబ్బు, ఖరీదైన సెలూన్లలోని సుడినీటి కుర్చీ ముందు వెలవెలబోయినా, ఈ ఒక్క విషయంలో దానికంటే మేలైనది. దానికి పైపు లేదు, మోటారు లేదు, మూల మూలకూ చెయ్యి చేరుతుంది. దాన్ని సబ్బుతో తోమి, క్రిమిసంహారకంలో ఉంచి, ఎండలో బోర్లించే పార్లరు యజమానురాలు ఖరీదైన కుర్చీ లేనందుకు చిన్నబుచ్చుకోవలసిన పని లేదు.

వ్యవహారంలో శుభ్రం చేయడం అనే ఒకే మాట కింద మూడు వేర్వేరు పనులు దాగి ఉన్నాయి, వాటిని కలగలపడం వల్లనే ప్రమాదాల్లో అధికభాగం పుడుతుంది. మొదటిది కడగడం, అంటే సబ్బూ నీరూ బ్రష్‌తో కంటికి కనబడే మురికినీ జిడ్డునూ రక్తాన్నీ తీయడం. రెండవది క్రిమినాశనం, అంటే రసాయనంతో చాలా రకాల సూక్ష్మజీవులను చంపడం. మూడవది నిర్జీవీకరణ, అంటే ధనుర్వాతం వంటి జబ్బులను కలిగించే జీవుల బీజరూపాలతో సహా ప్రాణమున్న ఏ సూక్ష్మజీవినీ మిగల్చకపోవడం. మొదటిది జరగనిదే రెండవది ఫలించదు, ఎందుకంటే చర్మపు పొడి, సబ్బు నురుగు, రక్తం క్లోరిన్‌ను తామే తినేస్తాయి. 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణంలో ఒక పాలుకు 49 పాళ్ల నీరు కలిపితే 0.1 శాతం ద్రావణం తయారవుతుంది. కడిగిన టబ్బులో దాన్ని నింపి పది నిమిషాలు ఆగితే టబ్బుకు అది చాలు. ఆ పది నిమిషాలను తగ్గించడానికి వీల్లేదు. పోసి వెంటనే పారబోసే ద్రావణం వాసన మిగులుస్తుంది, క్రిములనూ మిగులుస్తుంది. ద్రావణాన్ని ఏ రోజుకు ఆ రోజు కలుపుకోవాలి. మరుగుదొడ్డి కడిగే ఆమ్లంతో దాన్ని ఎన్నడూ కలపకూడదు. ఆ కలయికలో వెలువడే క్లోరిన్ వాయువు మూసిన గదిలో ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది.

లోహపు పనిముట్లకు, అంటే గోటి కత్తెరలు, నిప్పర్లు, క్యూటికల్ పుషర్లకు, మూడవ పనే కావాలి. నీటి ఆవిరిని ఒత్తిడితో బంధించి 121 డిగ్రీల సెల్సియస్ వేడి వద్ద పదిహేను నిమిషాలు ఉంచే ఆటోక్లేవ్ అనే పాత్ర దీనికి ప్రమాణం. లూయీ పాశ్చర్ సహచరుడు షార్ల్ షాంబర్లాఁ 1879లో రూపొందించిన ఈ పాత్రలోనూ, ఇంట్లో పప్పు ఉడికించే ప్రెషర్ కుక్కరులోనూ ఉన్న సూత్రం ఒకటే: మూతలేని గిన్నెలో నీరు 100 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది, ఆ వేడికి ధనుర్వాత బీజాలు చావవు, ఒత్తిడి పెరిగితే వేడి ఇరవై డిగ్రీలు పైకి పోతుంది, అప్పుడు చస్తాయి. పార్లర్లలో అద్దాల తలుపుతో నీలికాంతి వెలిగే పెట్టెను స్టెరిలైజర్ అని చూపిస్తుంటారు. అతినీలలోహిత కాంతి తాకిన ముఖానికే పనిచేస్తుంది, కత్తెర కీలు మధ్యలోకి దూరదు. అందువల్ల ఆ పెట్టె, ముందే నిర్జీవం చేసిన పనిముట్లను దుమ్ము పడకుండా దాచుకోవడానికి పనికివస్తుందే తప్ప, వాడిన పనిముట్టును శుద్ధి చేయదు. ఆ నీలికాంతిని చూసి ఖాతాదారుకు కలిగే నమ్మకం ఈ వృత్తిలో పాతుకుపోయిన అతి హానికరమైన అపోహల్లో ఒకటి. ఇక నురగరాయి, గరుకు కాగితం అంటించిన ఆకురాయి, కర్రపుల్ల వంటి వాటి సంగతి వేరు. వాటి ఒంటినిండా రంధ్రాలే కనుక ఏ పద్ధతిలోనూ వాటిని నమ్మకంగా శుద్ధి చేయలేరు. ఒకరికి వాడినదాన్ని పారవేయాలి, లేదా వారికే ఇచ్చి పంపాలి.

మడమ చర్మాన్ని బ్లేడుతో చెక్కడం గురించి విడిగా చెప్పాలి. రాపిడితో తీసినప్పుడు చర్మం ఎక్కడ ఆగాలో చేతికి తెలుస్తుంది, బ్లేడుకు తెలియదు. నానిన చర్మం మీద అది ఒక్క వెంట్రుకవాసి లోతుకు దిగితే రక్తం వస్తుంది. రక్తంతో పాటు హెపటైటిస్-బి, హెపటైటిస్-సి వైరస్‌ల ప్రశ్న వస్తుంది. హెపటైటిస్-బి వైరస్ ఆరిపోయిన రక్తపు మరకలో కనీసం ఏడు రోజులు సజీవంగా ఉండగలదు. కాలిఫోర్నియాలో కాయలు, అంటే మొద్దుబారిన చర్మం, చెక్కే బ్లేడు పనిముట్టును సెలూన్ ఆవరణలో ఉంచుకోవడమే నిషిద్ధం. తెలుగు ప్రాంతాల్లో ఇటువంటి నిషేధం అసాధ్యమని అనుకోనక్కరలేదు. ఎయిడ్స్ గురించి ప్రచారం ముమ్మరంగా సాగిన రోజుల్లో క్షౌరశాలల్లో ఒక మార్పు వచ్చింది: తరతరాలుగా తోలుపట్టీ మీద నూరిన మంగలి కత్తి స్థానంలో ప్రతి ఖాతాదారుకూ కొత్తగా విరిచి వేసే సగం బ్లేడు వచ్చింది, ఖాతాదారే ముందుగా బ్లేడు మార్చమని అడగడం మర్యాదలోపం కాకుండా పోయింది. ఒక చేతివృత్తి మొత్తం తన పనిముట్టును మార్చుకున్న ఆ ఉదాహరణను ప్రజారోగ్య చరిత్రలో ఎత్తి చెప్పవలసినంతగా ఎవరూ చెప్పలేదు. గడ్డం గీసే చోట సాధ్యమైనది గోళ్లు తీసే చోట సాధ్యం కాదనడానికి కారణం లేదు.

చేపలతో పాదాలు కొరికించుకునే పద్ధతి కొన్నేళ్ల పాటు నగరాల మాల్‌లలో వింతగా నడిచింది. గర్రా రూఫా అనే ఆ చిన్న చేపల స్వస్థలం తుర్కియే పరిసరాల వేడినీటి బుగ్గలు. చేపలున్న నీటిలో క్రిమిసంహారకం కలిపితే చేపలు చస్తాయి, కలపకపోతే ఒకరి పాదం మీది సూక్ష్మజీవులు మరొకరికి చేరతాయి. ఆ చేపలనే ఒకరి తరువాత ఒకరికి వాడక తప్పదు. 2011లో ఇండోనేషియా నుంచి బ్రిటన్‌కు దిగుమతి అయిన ఈ చేపలను పరీక్షించినప్పుడు వాటిలో మనుషులకు జబ్బు చేయగల అనేక రకాల బాక్టీరియా కనబడింది, వాటిలో కొన్ని పలు యాంటీబయాటిక్‌లకు లొంగనివి. ఈ పద్ధతిని శుభ్రంగా నడిపే మార్గమే లేదు కనుక దీని గురించి ఎక్కువ చర్చించవలసింది లేదు.

ఇంతవరకు చెప్పిన ప్రమాదాలన్నీ ఆరోగ్యవంతుల పాదాలకు సంబంధించినవి. అవి బాధిస్తాయి, మచ్చలు మిగులుస్తాయి, చాలావరకు చివరికి మానుతాయి. స్పర్శ కోల్పోయిన పాదం సంగతి వేరు, ఆ పాదం విషయంలో చిన్న పొరపాటు కాలునే బలితీసుకోగలదు. ఈ సత్యాన్ని ప్రపంచ వైద్యానికి నేర్పినది దక్షిణ భారతదేశమే. తమిళనాడులోని కొల్లి కొండల్లో 1914లో మిషనరీ దంపతులకు పుట్టిన పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు 1946లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో చేరి కుష్ఠురోగుల చేతులకూ కాళ్లకూ చికిత్స ప్రారంభించాడు. కుష్ఠు క్రిమి మాంసాన్ని కుళ్లబెడుతుందనీ, అందువల్లనే వేళ్లు ఊడిపోతాయనీ అప్పటి నమ్మకం. బ్రాండ్ ఏళ్ల తరబడి పరిశీలించి, ఆ పుండ్లకు కారణం క్రిమి కాదనీ, క్రిమి నరాలను చంపడం వల్ల నొప్పి తెలియకపోవడమేననీ నిరూపించాడు. నొప్పి తెలిసిన మనిషి చెప్పులో రాయి ఉంటే నాలుగడుగుల్లో ఆగి దులుపుకుంటాడు. తెలియని మనిషి రోజంతా ఆ రాయి మీదే నడుస్తాడు. నొప్పిని వరంగా పరిగణించాలని ఆయన జీవితాంతం చెబుతూ వచ్చాడు. పుండుపడిన పాదానికి ఒత్తిడి తగలకుండా చూస్తే మందు లేకపోయినా మానుతుందని గ్రహించి, మెత్తని మైక్రోసెల్యులర్ రబ్బరు అడుగుతో చెప్పులు కుట్టించాడు. 1966లో అమెరికాలోని కార్‌విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్లిన తరువాత అదే జ్ఞానాన్ని మధుమేహ రోగుల పాదాలకు వర్తింపజేశాడు. తెలుగునాట డిచ్‌పల్లి, సాలూరు వంటి చోట్ల కుష్ఠు ఆసుపత్రులు దశాబ్దాలుగా చేస్తూ వచ్చిన పాదసేవ ఈ సంప్రదాయానికి చెందినదే.

భారత వైద్య పరిశోధన మండలి చేపట్టిన అధ్యయనం 2023లో ప్రచురించిన అంచనా ప్రకారం దేశంలో 10.1 కోట్ల మంది మధుమేహంతో జీవిస్తున్నారు. పెద్దవారిలో ఇది 11.4 శాతం. రక్తంలో చక్కెర చాలాకాలం అదుపు తప్పినప్పుడు పాదాల నరాలు మూడు విధాలుగా దెబ్బతింటాయి: స్పర్శ నరాలు మొద్దుబారి నొప్పి తెలియదు, కండరాల నరాలు బలహీనపడి వేళ్లు వంకరపోతాయి, చెమట పట్టించే నరాలు పనిమాని చర్మం ఎండి పగులుతుంది. దీనికి రక్తనాళాల సన్నబాటు తోడైతే, తగిలిన దెబ్బ మానడానికి చాలినంత రక్తం అందదు. ఇటువంటి పాదానికి పార్లరులో జరిగే ప్రతి క్రియా అపాయమే. నీరు వేడెక్కువైతే కాలుతుంది, తెలియదు. ఎక్కువసేపు నానితే వేళ్ల సందులు మెత్తబడి చిట్లుతాయి. చర్మం చెక్కితే పుండు పడుతుంది. నీటి వేడి 37 డిగ్రీలు దాటకూడదు, దాన్ని రోగి పాదంతో కాక ఇంటిలో మరొకరి మోచేతితో చూడాలి, కాళ్లను నానబెట్టకుండా త్వరగా కడిగి, వేళ్ల సందులను మెత్తని గుడ్డతో పొడిగా అద్దాలి. మడమలకు లేపనం రాయవచ్చు, వేళ్ల సందుల్లో రాయకూడదు. ఆనెకాయ మీద అంటించుకోమని ప్రతి మందుల దుకాణంలోనూ చీటీ లేకుండా ఇచ్చే కార్న్ క్యాప్‌లో సాలిసిలిక్ ఆమ్లం ఉంటుంది. అది ఆనెకాయకూ పక్కనున్న మంచి చర్మానికీ తేడా ఎరుగదు కనుక మధుమేహ రోగి దాన్ని ముట్టుకోకూడదు. స్పర్శ ఉన్నదీ లేనిదీ తేల్చుకునే పరీక్ష సులభమైనది: పది గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ తీగను అరికాలి మీద కొన్ని చోట్ల ఆనించి, కళ్లు మూసుకున్న రోగిని తగిలిందా అని అడగడమే. మధుమేహ రోగికి ఈ పరీక్ష ఏడాదికి ఒకసారైనా జరగాలి. తగలలేదన్న పాదం పార్లరుకు వెళ్లకూడదు, శిక్షణ పొందిన వైద్య సిబ్బంది దగ్గరికే వెళ్లాలి.

తెలుగు జీవనంలోని కొన్ని ఆచారాలను ఈ సందర్భంలో గౌరవంతోనే ప్రస్తావించవలసి ఉంది. అయ్యప్ప మాల వేసుకున్నవారు మండలకాలం చెప్పులు లేకుండా తిరుగుతారు. అలిపిరి మెట్ల దారిలో మూడున్నర వేల పైచిలుకు మెట్లను భక్తులు వట్టి పాదాలతో ఎక్కుతారు. ఎండవేళ గుడి రాతిపరుపు మీద ప్రదక్షిణలు చేస్తారు. స్పర్శ ఉన్నవారికి ఇవి తపస్సు. స్పర్శ లేనివారికి, బొబ్బలెక్కినా తెలియనందున, ఇవి కాలు పోగొట్టుకునే దారులు. అటువంటి భక్తుడు తెల్లవారుజామున, రాయి చల్లగా ఉన్నప్పుడు దర్శనం చేసుకోవడం, నడిచిన ప్రతి రోజూ సాయంత్రం ఇంటివారు అద్దం పట్టి అరికాళ్లు చూడటం దీక్షకు భంగం కలిగించవు. మెట్టెల విషయం కూడా అంతే. పెళ్లినాడు తొడిగిన మెట్టెను తీయడానికి చాలామంది స్త్రీలు ఇష్టపడరు. ఏళ్ల తరబడి తీయని మెట్టె కింద సబ్బూ తేమా చేరి చర్మం పాసిపోతుంది, వేలు వాచినప్పుడు అదే మెట్టె రక్తప్రసారాన్ని బిగిస్తుంది. తెరిచి మూసే వీలున్న మెట్టెలను ఎంచుకుని, వారానికొకసారి కింద కడిగి ఆరబెట్టుకునే అలవాటు ఆచారాన్నీ వేలినీ రెంటినీ కాపాడుతుంది.

వరినాట్ల కాలంలో రోజంతా బురదలో నిలబడే కూలీల పాదాల గురించి సౌందర్యశాస్త్రం ఎన్నడూ మాట్లాడలేదు. పాదసంరక్షణ అవసరం అందరికంటే ఎక్కువగా ఉన్నది వారికే. వేళ్ల సందులు పాసిపోవడం అని పల్లెల్లో చెప్పుకునే జబ్బు, నీటిలో నానిన చర్మం తెల్లబడి ఊడిపోయి శిలీంధ్రాలూ బాక్టీరియా చేరడం వల్ల వస్తుంది. అక్కడి పగుళ్ల గుండానే ఎలుకల మూత్రంతో కలుషితమైన నీటి నుంచి లెప్టోస్పైరా అనే క్రిమి ఒంట్లోకి ప్రవేశించి జ్వరమై మూత్రపిండాలనూ కాలేయాన్నీ దెబ్బతీయగలదు. మధుమేహం ఉన్న కూలీకి పొలం మట్టిలో ఉండే మెలియాయిడోసిస్ అనే జబ్బును కలిగించే క్రిమి ముప్పు అదనం. పని ముగిశాక మంచినీటితో కాళ్లు కడుక్కుని, సందులు పొడిగా తుడుచుకోవడం, పగుళ్లకు వేజలిన్ వంటి లేపనం పట్టించడం, ధనుర్వాతం టీకాను పదేళ్లకొకసారి వేయించుకోవడం ఖర్చులేని, లేదా దాదాపు ఖర్చులేని పనులు.

చివరగా పార్లరులో ముక్కాలిపీట మీద కూర్చుని ఈ పని చేసే చేతుల మాట. అమెరికాలో ఈ వృత్తి వ్యాప్తికి కారణమైనవారిలో వియత్నాం శరణార్థి స్త్రీలు ముఖ్యులు. 1975లో సాక్రమెంటో సమీపంలోని హోప్ విలేజ్ అనే శిబిరంలో నటి టిప్పి హెడ్రెన్ చొరవతో ఇరవై మంది స్త్రీలకు గోళ్ల పని నేర్పడంతో ఆ కథ మొదలైంది. కాలిఫోర్నియాలో ఈ పనికి 400 గంటల శిక్షణా, ప్రభుత్వ పరీక్షా తప్పనిసరి. ఆ పరీక్షను వియత్నామీ భాషలో కూడా రాయవచ్చు, ఎందుకంటే చదవలేని భాషలో రాసిన పరిశుభ్రతా నియమం గోడకు అలంకారమే అవుతుంది. హైదరాబాదు, విశాఖపట్నం సెలూన్లలో ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చిన యువతులు చాలామంది పనిచేస్తున్నారు. చిన్న ఊళ్లలో కొద్ది వారాల కోర్సు చేసిన స్థానిక స్త్రీలు ఇంటి ముందుగదిలోనే పార్లరు నడుపుకుంటున్నారు. వారికి అర్థమయ్యే భాషలో నియమాలు ఉండాలి. అంతకంటే ముందు వారి ఆరోగ్యానికే భద్రత ఉండాలి: రోజూ రక్తం తగిలే అవకాశమున్న ఈ పనిలో మూడు మోతాదుల హెపటైటిస్-బి టీకా అవసరం. దేశవ్యాప్తంగా శిశువులకు ఆ టీకా అందడం 2011 ప్రాంతంలోనే పూర్తిస్థాయికి వచ్చింది కనుక నేటి పనివారిలో ఎక్కువమంది దాన్ని పొంది ఉండరు. గాలి ఆడని గదిలో అసిటోన్ ఆవిరులు పీల్చడం, చేతులకు తొడుగులు లేకపోవడం వల్ల వచ్చే చర్మశోథ కూడా వారి బాధలే, వాటిని ఏ ఖాతాదారూ చూడరు.

పురపాలక సంఘాలు పార్లర్లకు ఇచ్చే వ్యాపార లైసెన్సులో రెండు నిబంధనలు చేర్చడం పెద్ద శాసనం అక్కరలేని పని. కాయలు చెక్కే బ్లేడును ఆవరణలో ఉంచకూడదన్నది ఒకటి. సుడినీటి తొట్టి ఉన్నచోట ప్రతి రాత్రీ చిల్లుల మూత విప్పి కడిగినట్టు తేదీతో, సంతకంతో ఒక పుస్తకంలో రాయాలన్నది రెండవది. ఆటోక్లేవ్ కొనే స్తోమత ప్రతి చిన్న పార్లరుకూ లేదన్నది నిజం. స్వయం సహాయక సంఘాల సభ్యులు నడిపే పార్లర్లు ఒక వీధికో వార్డుకో ఒకటి చొప్పున సంఘం అప్పుతో కొనుక్కుని, పనిముట్లను రాత్రిపూట సంచుల్లో వేసి, పేరు రాసి, అక్కడికి పంపి, ఉదయం తెచ్చుకునే ఏర్పాటు చేసుకోవచ్చు. ఒక్కొక్కరి వాటా చిన్న వాయిదాల్లో తీరిపోతుంది. రోజుకు వచ్చే ఖాతాదారులందరికీ సరిపడేన్ని జతల కత్తెరలూ నిప్పర్లూ ఉంచుకోవడం మాత్రం ఎవరికి వారే చేసుకోవాలి, ఎందుకంటే ఒకే జత ఉన్నచోట మరుసటి ఉదయం దాకా ఆగే ఓపిక ఎవరికీ ఉండదు.